పలకరించని మనిషి

మా చర్చి వాట్సాప్ గ్రూపులో ఆవిడ పోయిందన్న కబురు వచ్చినప్పుడు నేను ఆఫీసు మీటింగులో ఉన్నాను. ఫోన్ టేబుల్ మీద గురగురమంటూనే ఉంది. మీటింగ్ అయ్యాక చూస్తే వరసగా దండాలు, పువ్వులు, పావురాల బొమ్మలు. మధ్యలో ఒకావిడ, "చాలా రిజర్వ్‌డ్‌గా ఉండేది, కానీ మంచి మనిషి" అని రాసింది. ఆ "కానీ" చూసి నాకు ఒళ్లు మండింది. బతికున్నన్నాళ్లూ ఆవిడ గురించి మాట్లాడినవాళ్లంతా ఒక "కానీ" తగిలించే మాట్లాడారు. పోయాక కూడా వదల్లేదు.

ఆవిడ సైకియాట్రిక్ నర్స్ ప్రాక్టీషనర్. మావాళ్లకి ఈ ఉద్యోగం ఒక పట్టాన అర్థం కాదు. కొందరు డాక్టరమ్మా అని పిలిచేవారు, కొందరు ఉత్త నర్సేగా అనేవారు. "నర్సుగా మొదలుపెట్టి పైన చదువుకున్నానండి. మనసు బాగోనివాళ్లని చూస్తాను, మందులు రాస్తాను" అని ఓపిగ్గా చెప్పేది. "అంటే పిచ్చివాళ్లకా?" అని అవతలివాళ్లు గొంతు తగ్గించి అడిగితే, "ఎక్కువగా ఐటీవాళ్లకి" అనేది. నవ్వకుండా అనేది కాబట్టి అది వేళాకోళమో నిజమో తేలక వాళ్లు బిక్కమొహం వేసేవారు.

షికాగో పక్కన షామ్‌బర్గ్‌లో మా తెలుగు చర్చికి సొంత భవనం లేదు. ఒక అమెరికన్ చర్చి హాలు అద్దెకి తీసుకున్నాం. పొద్దున్న వాళ్ల ఆరాధన ముగిసి, కాఫీ కప్పులు సర్దుకుని వెళ్లిపోయాక మధ్యాహ్నం మేం చేరతాం. వాళ్ల కాఫీ వాసన మీద మా చికెన్ కూర వాసన ఎక్కడానికి ఎంతోసేపు పట్టదు. మాలో ఎక్కువమందిమి గుంటూరు, కృష్ణా జిల్లాలవాళ్లం. ఎవరు ఎవరికి ఏమవుతారో, ఎవరి వీసా ఎక్కడ ఆగిందో అందరికీ తెలుసు. గుమ్మంలో అడుగు పెట్టగానే "వందనాలు, వందనాలండి" అని చేతులు పట్టేసుకుంటాం. ఆ సందడిలో ఆవిడ మాత్రం తలొంచుకుని వచ్చి, వెనక వరసలో గోడవార కుర్చీలో భర్త పక్కన కూర్చునేది. ఎదురుపడ్డా తనంతట తాను పలకరించేది కాదు. మనం వందనాలంటే "వందనాలమ్మా" అని ముక్తసరిగా అని పక్కకి తప్పుకునేది. పిల్లలకి సండే స్కూల్ చెప్పేటప్పుడు మాత్రం ఆ మొహమే వేరుగా ఉండేది. పెద్దవాళ్ల దగ్గరకి వచ్చేసరికి ఎవరో స్విచ్ నొక్కినట్టు ఆరిపోయేది. పొగరన్నారు, తలబిరుసన్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

మా పాప పుట్టిన రెండో నెలలో నాకు బాగాలేకుండా పోయింది. జబ్బంటే చెప్పుకోవడానికి జ్వరం లేదు, దగ్గు లేదు. పొద్దున్నే లేచి పళ్లు తోముకోవడం పెద్ద పనైపోయింది. పాప ఏడుస్తుంటే పక్క గదిలో కూర్చుని వింటూ ఉండేదాన్ని. లేవాలని తెలుసు, కాళ్లు కదిలేవి కాదు. మా ఆయన మంచివాడే, కానీ ఏ సమస్యకైనా ఆయన దగ్గరున్న మందు ఒకటే. "నిద్ర సరిపోక అలా ఉంది, వీకెండ్ రెస్ట్ తీసుకో" అనేవాడు. వీకెండ్లు వచ్చాయి, పోయాయి. చివరికి పాపని చూసే డాక్టరే నన్ను చూసి అనుమానపడి, ఎవరికైనా చూపించుకోమని గట్టిగా చెప్పింది.

ఎవరైనా సరే, తెలుగువాళ్లు కాకపోతే చాలనుకున్నాను. ఎవరికి ఫోన్ చేసినా నెలల తర్వాత రమ్మన్నారు. ఒక క్లినిక్‌లో మాత్రం ఎవరో క్యాన్సిల్ చేసుకున్నారట, రేపే రండి అన్నారు. చూసేదెవరని అడిగితే ఆవిడ పేరే చెప్పారు. ఇంకో దారి లేక వెళ్లాను.

గదిలో రెండు కుర్చీలు, ఒక పొట్టి దీపం. టిష్యూ పెట్టె నా ముందు లేదు, ఆవిడ పక్కన ఉంది. నేను దానివంక చూడటం గమనించి, "నీ ముందు పెడితే ఏడవమని చెప్పినట్టుంటది. కావాలంటే అడుగు, ఇస్తాను" అంది. చర్చిలో నేను ఎన్నడూ వినని గొంతు అది. తీరిగ్గా, వంటింట్లో పీట మీద కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తూ మాట్లాడే మనిషి గొంతు. తర్వాత ముందుకి వంగి అసలు సంగతి చెప్పింది.

"మనది ఒకటే చర్చి గదా. నీకు ఇబ్బందైతే ఇంకొకళ్ల దగ్గరికి పంపిస్తా, వాళ్లు దొరికిందాకా నేను చూస్తా. నిదానంగా ఆలోచించుకో. ఇంకో మాట. బయట ఎక్కడ కనపడ్డా ముందుగా నేను నిన్ను పలకరించను. నువ్వు పలకరిస్తే పలుకుతా. పలకరించకపోయినా ఏమీ అనుకోను."

అది వాళ్ల వృత్తిలో అందరూ పాటించే పద్ధతేనట. పేషెంట్ బజార్లో కనిపిస్తే మనమే ముందు పలకరించి, పక్కనున్నవాళ్ల చేత "ఈవిడ ఎవరు?" అని అడిగించకూడదు. అమెరికన్లకి అది సరిపోతుంది. మనిషి కనపడితే పలకరించకపోవడమే నేరమైన మా మధ్య అది ఎలా చెల్లుతుంది?

"మొదట్లో పేషెంట్లని ఒక్కళ్లనే పలకరించేదాన్ని గాదు. మిగతావాళ్లతో బానే ఉండేదాన్ని" అంది. "ఒక పిక్నిక్‌లో ఒకావిడ కనిపెట్టేసింది. నేను ఎవర్ని పలకరించట్లేదో చూసుకుంటా పోతే, ఎవరెవరు మందులు వాడుతున్నారో తెలిసిపోతదని. అవును గదా అనుకున్నా. అప్పట్నించీ అందరికీ ఒకటే న్యాయం."

"అందరూ మీకు పొగరంటారు ఆంటీ" అన్నాను, నోరు ఊరుకోక.

"అననీ. పొగరంటే నా ఒక్కదానికే గదా చెడ్డపేరు. వాళ్ల సంగతి బయటపడితే ఇంటిల్లిపాదికీ."

ఆ గదిలో ఆవిడకి కొన్ని అలవాట్లుండేవి. ఎదుటి మనిషికి ఏడుపొస్తోందని పసిగట్టగానే కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకునేది. మొదట్లో తుడుచుకోవడానికేమో అనుకున్నాను. ఒకసారి అడిగితే, "ఇది లేకపోతే నీ మొహం నాకు ఆనదు. నువ్వు హాయిగా ఏడువు" అంది. ఏడుపు ఆగాక మళ్లీ పెట్టుకుని, ఎక్కడ ఆగామో అక్కడినుంచి అడిగేది.

ఎలా ఉన్నావని ఎప్పుడూ అడగలేదు. "నిన్న ఏం కూర?" అని అడిగేది. పప్పు అంటే, "తాలింపు వేశావా?" అనేది. నేను మొదట్లో చిరాకుపడ్డాను. ఇంత దూరం డ్రైవ్ చేసుకొచ్చింది తాలింపు గురించి చెప్పడానికా అని. ఆ ప్రశ్న ఎందుకో తర్వాత తెలిసింది. మనసు కుంగినప్పుడు కూడా ఆడది బియ్యం కడుగుతుంది, పప్పు ఉడికిస్తుంది, ఇంట్లోవాళ్లకి ఆకలేస్తుంది కాబట్టి. ఆవాలు చిటపటలాడించి, కరివేపాకు వెతికి వేయడం మాత్రం మానేస్తుంది. ఒక రోజు నేను "ఇంగువ కూడా వేశాను" అంటే ఆవిడ పెన్ను కింద పెట్టి, పరీక్ష పాసైన పిల్లని చూసినట్టు నన్ను చూసింది.

అన్నిటికన్నా గుర్తుండిపోయింది ఇంకో ప్రశ్న. క్లినిక్‌కి వెళ్లిన ప్రతిసారీ బయట కూర్చోబెట్టి ఒక ఇంగ్లీషు ఫారం ఇస్తారు, మీకు మీరే హాని చేసుకునే ఆలోచనలున్నాయా అని. నేను నో అని గీత పెట్టేసేదాన్ని. ఇంగ్లీషులో నో అనడం తేలిక, ఆఫీసులో రోజూ చేసే పనే. ఆవిడ లోపలికి తీసుకెళ్లి తలుపు వేసి, కళ్లలోకి చూసి తెలుగులో అడిగింది: "చచ్చిపోవాలనిపిస్తోందా అమ్మా?" ఆ మాట అంత సూటిగా మా అమ్మ కూడా అడగదు. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "నేను లేకపోతే పాపకి మంచిదనిపిస్తోంది ఆంటీ" అన్నాను. ఆవిడ కంగారుపడలేదు, దేవుడి మాటలేవీ చెప్పలేదు. మా ఆయనని ఆ రోజే పిలిపించి, నన్ను ఇంట్లో ఒంటరిగా ఉంచకూడదని చెప్పి, మాత్రలు మొదలుపెట్టింది.

మెల్లిమెల్లిగా మనిషినయ్యాను. అందరూ చేసే పనే నేనూ చేశాను: బాగుందనిపించగానే చెప్పకుండా మాత్రలు మానేశాను. కొన్ని వారాలకే మొదటికొచ్చింది. మా ఆయన ల్యాప్‌టాప్ తెచ్చుకుని నా మంచం పక్కనే కూర్చుని పనిచేసుకునే పరిస్థితి. మళ్లీ ఆవిడే లేవదీసింది.

"మానేయాలని ఇంకా అనిపిస్తది. అందరికీ అనిపిస్తది" అంది అప్పుడు. "మానేముందు నాకో మాట చెప్పు. తిట్టను. మెల్లిగా తగ్గించే పద్ధతుంటది, ఇద్దరం కలిసి చూద్దాం. నీ అంతట నువ్వు మానేస్తే మాత్రం ఈసారి ఇంకా కిందికి పోతావని నాకు భయం." భయమన్న మాట ఆవిడ నోటివెంట నేను విన్నది ఆ ఒక్కసారే. చెప్తానని మాటిచ్చాను.

మా చర్చిలో సాక్ష్యాలు చెప్పడం ఆనవాయితీ. పాటలయ్యాక, పాస్టరుగారు వాక్యం చెప్పడానికి ముందు, ఏ మేలు జరిగినవాళ్లయినా లేచి మైకు అందుకుని చెప్తారు. గ్రీన్ కార్డు వచ్చిందని, స్కాన్‌లో ఏమీ లేదన్నారని, అబ్బాయి కారు గుద్దుకున్నా గీత పడకుండా బయటపడ్డాడని. వీటిలో మందుల సాక్ష్యానికి ఉండే గౌరవమే వేరు. "డాక్టర్లు జీవితాంతం వాడాలన్నారు, నేను విశ్వాసంతో మానేశాను" అంటే హాలంతా ఊగిపోతుంది. అలా షుగర్ మాత్రలు మానేసి, తర్వాత చాటుగా మళ్లీ మొదలుపెట్టినవాళ్లు మాలో ఉన్నారు. మళ్లీ మొదలుపెట్టానన్న సాక్ష్యం మాత్రం ఎవరూ చెప్పరు.

ఆ ఏడాది ఉపవాస ప్రార్థనలకి ఇండియా నుంచి ఒక బోధకుడు వచ్చారు. నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో నాకు నిజంగానే తేలిగ్గా అనిపించింది. ఎన్నాళ్లుగానో మోస్తున్నదేదో దిగిపోయినట్టయింది. ఇంటికెళ్లి మాత్రల సీసా చెత్తలో పడేశాను. ఆదివారం చర్చిలో ఇద్దరు ముగ్గురు మందులు మానేశామని సాక్ష్యం చెప్పాక నేనూ లేచి మైకు తీసుకున్నాను. బాలింతగా ఉన్నప్పుడు నాకు మనసు బాగాలేకుండా పోయిందని, దేవుడు బాగుచేశాడని, మందులన్నీ పారేశానని చెప్పాను. హల్లెలూయలు మారుమోగాయి. ఒకావిడ నన్ను కౌగిలించుకుని ఏడ్చింది. మా పాస్టరుగారు "విశ్వాసమంటే ఇదీ" అన్నారు. అంతమంది నన్ను చూసి సంతోషించడం నా జీవితంలో అదే మొదలు.

నేను కూర్చుంటుండగా వెనక కుర్చీ కిర్రుమంది. ఆవిడ లేచింది. ఇన్నేళ్లలో ఆవిడ సాక్ష్యం చెప్పడం ఎవరూ చూడలేదు. మైకు చేతులు మారుతూ వెనక్కి వెళ్లింది. నా సంగతులన్నీ ఇప్పుడు చెప్పేస్తుందనుకున్నాను.

"అందరికీ వందనాలు" అంది. నావైపు చూడలేదు, ఎదురుగా ఉన్న సిలువని చూస్తూ మాట్లాడింది. "నేనూ ఒక సాక్ష్యం చెప్పాలి. నేను రోజూ పొద్దున్నే ఒక మాత్ర వేసుకుంటా. షుగర్‌కి గాదు, బీపీకి గాదు. మనసుకి. మా రెండో బిడ్డ కడుపులోనే పోయిందని మీలో కొంతమందికి తెలుసు. అప్పట్నించీ వేసుకుంటున్నా. ప్రార్థన చేయించుకుని మానేశా, పడిపోయా. మళ్లీ మానేశా, ఈసారి చావు అంచుదాకా పోయొచ్చా. నా జబ్బు తీసెయ్యమని దేవుణ్ణి అడిగా. తియ్యలేదు. మాత్ర ఇచ్చాడు. అది వేసుకునే ఇన్నాళ్లూ మీ పిల్లలకి పాఠాలు చెప్పా, ఈ పాటలు పాడా. ఇక్కడెవరన్నా మందులు మానేసి ఉంటే, ఇవాళే మీ డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి. దేవుడేమీ కోప్పడడు. అంతే."

ఒక్కరు కూడా ఆమెన్ అనలేదు. ఎవరి పాపో ఏడ్చింది. పాస్టరుగారు గొంతు సవరించుకుని, "పాట పాడుకుందాం" అన్నారు. నాకు వచ్చింది పశ్చాత్తాపం కాదు, కోపం. నా సంతోషం మీద నీళ్లు పోసిందని. పాట సగంలో ఉండగా ఆ కోపం కింద ఇంకేదో కదిలింది. నా సంగతి ఒక్క ముక్క బయటపెట్టడానికి వీల్లేక, తన సంగతి మొత్తం బయటపెట్టిందని అర్థమైంది. పార్కింగ్ లాట్‌లో కారెక్కగానే మా ఆయనతో, "రేపు అపాయింట్‌మెంట్ బుక్ చెయ్యి" అన్నాను. ఆయన స్టీరింగ్ మీద తల ఆనించుకుని ఊపిరి వదిలాడు. చెత్తలో మాత్రల సీసా చూసి, వారం రోజులుగా నాతో ఎలా చెప్పాలో తెలియక నలిగిపోతున్నాడట.

క్లినిక్‌లో ఆవిడ ఆదివారం ఊసే ఎత్తలేదు. నేనే మొదలుపెట్టాను. "ఆంటీ, నా వల్ల మీరు..."

"ఇది నీ టైమ్. నా గురించి మాట్లాడుకుంటే నీ ఇన్సూరెన్స్‌వాళ్లు ఒప్పుకోరు" అంది. "నిన్న ఏం కూర?"

"వండలేదు."

ఆవిడ కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది.

మా చర్చిలో ఆ సాక్ష్యాన్ని ఎవరూ మెచ్చుకోలేదు. "అందుకేనన్నమాట అలా ఉంటుంది" అనుకున్నారు. పిల్లల్ని ఆవిడ దగ్గర వదలడానికి ఒకరిద్దరు తల్లులు వెనకాడారు. కొన్నాళ్లకి పాస్టరుగారు, "మీరు కాస్త రెస్ట్ తీసుకోండి సిస్టర్" అని సండే స్కూల్ ఇంకొకరికి అప్పగించారు. పిల్లలు మాట్లాడే సగం ఇంగ్లీషు తెలుగు వింటే ఆవిడ ప్రాణం లేచొచ్చేది, అదే పోయింది. నాకు ఏడుపొచ్చేంత కోపం వచ్చింది. చెప్తే, "వాళ్లకి భయం అమ్మాయ్. భయపడ్డవాళ్లని చూట్టమేగా నా పని" అంది. ఆ తర్వాత కూడా ప్రతి ఆదివారం అదే కుర్చీలో కూర్చుంది. పాటలు ఇదివరకటికన్నా కొంచెం గట్టిగానే పాడింది.

నా మాత్ర నెమ్మదిగా తగ్గింది, ఒక చోట ఆగింది. ఇప్పటికీ వేసుకుంటున్నాను. పాప బడికి వెళ్తోంది. ఆవిడకి పక్షవాతం వచ్చి రెండు రోజుల్లో పోయింది. ముందు వారం కూడా పేషెంట్లని చూసిందట.

జ్ఞాపకార్థ కూడికలో అందరూ మాట్లాడారు. గొంతు బాగుండేదన్నారు, చేపల పులుసు బాగా చేసేదన్నారు, సమయానికి వచ్చేదన్నారు. ఆ ఆదివారం సంగతి ఒక్కరూ ఎత్తలేదు. నేను లేవాలనుకుంటూనే కూర్చుండిపోయాను. భోజనాల దగ్గర అందరూ వడ్డించుకుంటుంటే ఆవిడ భర్త ఒక్కరే కిటికీ దగ్గర ఖాళీ ప్లేటు పట్టుకుని నిలబడ్డారు. నేను ఆ ప్లేటు తీసుకుని అన్నం, కూర పెట్టి తెచ్చి ఇచ్చాను. ఆయన తినలేదు. పక్కనున్న కుర్చీ చూపించారు.

"ఆవిడ సాక్ష్యం చెప్పిన రోజు నువ్వున్నావా అమ్మా?" అన్నారు.

"ఉన్నాను అంకుల్."

"నాకూ ఆ రోజే తెలిసింది. పక్కనే కూర్చున్నాగా. పొద్దున్నే వేసుకునేది విటమిన్ అనుకునేవాణ్ణి, ఆ సీసాలోనే పోసుకునేది మరి. మధ్యలో పడిపోయినప్పుడు కూడా బిడ్డ మీద బెంగే అనుకున్నా. బిడ్డ పోయినప్పుడు నేను తట్టుకోలేకపోయా. నాకు తెలిస్తే ఇంకా బెంగపెట్టుకుంటానని దాచిందంట." ఆయన ప్లేటు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. "నాకు కోపమొచ్చిందమ్మా. మొగుడికి చెప్పుకోలేని మాట మైకులో చెప్పిందని. కొన్నాళ్లు మాట్లాళ్లేదు. ఎవరి కోసం చెప్పావని అడిగా. ఆ రోజు మందులు మానేశామన్నవాళ్లు ముగ్గురు నలుగురున్నారు, వాళ్లలో ఎవరో తన పేషెంటనే లేచిందని నాకు తెలుసు. ఎన్నిసార్లడిగినా నోరు విప్పలేదు. మొన్న ఆస్పత్రిలో కూడా అడిగా. కళ్లు మూసుకుంది."

నేను కుర్చీ ఆయనవైపు జరుపుకున్నాను.

"పేరక్కర్లేదు నాకు" అన్నారు ఆయన. "ఆ మనిషి ఇప్పుడు ఎట్టా ఉందో, అదొక్కటి తెలిస్తే చాలు."

ఆయన చేతిలోని ప్లేటు తీసి పక్కన పెట్టి, ఆ చెయ్యి పట్టుకున్నాను.

"బాగున్నాను అంకుల్" అన్నాను.